థాయ్ ఇంట్లో నాలుగు రోజులు: మొహమాటంతో మొదలయ్యే మార్గదర్శి

మొదటి రాత్రి నేను పస్తు పడుకున్నాను. తప్పు ఆ ఇంటివాళ్ళది కాదు. థాయ్‌లాండ్ ఈశాన్య భాగాన్ని ఈసాన్ అంటారు, ఆ పేరు మన ఈశాన్యమే. అక్కడ ఒక పల్లెలో, పొలాల పక్కనున్న ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఇంటావిడ చేతులు జోడించి, నవ్వి, "కిన్ ఖావ్ రూ యంగ్?" అంది. అన్నం తిన్నావా అని. ఆ ఒక్క వాక్యం ముందే నేర్చుకుని వెళ్ళాను కాబట్టి అర్థమైంది. అర్థమైందన్న సంబరంలో, పుట్టుకతో వచ్చిన మొహమాటంతో, తినేశానని చెప్పాను. మన ఇళ్ళలో అయితే "అలా కాదు, రెండు ముద్దలైనా తినండి" అని ఇంకో మూడుసార్లు అంటారు, మూడోసారికి మనం లేచి కంచం ముందు కూర్చుంటాం. ఆవిడ అనలేదు. తిన్నానన్నవాణ్ణి బలవంతం చేస్తే ఇబ్బంది పడతాడేమోనని ఆవిడా మొహమాటపడింది. అర్ధరాత్రి దోమతెరలో కూర్చుని, బ్యాగులోని జంతికలు చప్పుడు కాకుండా నమలడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

ఇంకొకరికి మనవల్ల ఇబ్బంది కలుగుతుందేమో అన్న ఆ జంకుకి థాయ్ భాషలో క్రెంగ్‌జై అని పేరు. ఇంగ్లీషు గైడ్లు దీన్ని వివరించడానికి పేజీలు ఖర్చు పెడతాయి. మనకు మొహమాటం అంటే సరిపోతుంది. థాయ్ ఇంట్లో తెలుగువాళ్ళు త్వరగా కలిసిపోయేది దీనివల్లే, ఆకలితో పడుకునేదీ దీనివల్లే. కింద రాసినదంతా ఇది గుర్తుపెట్టుకుని చదవండి.

1. ముందు, ఎలాంటి ఇల్లు కావాలో తేల్చుకోండి

థాయ్‌లాండ్‌లో హోమ్‌స్టే అని బోర్డు ఉన్నంత మాత్రాన అది ఇల్లు కాదు. చాలాచోట్ల అవి చిన్న లాడ్జీలే. యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు, తాళంచెవి పూలకుండీ కింద ఉంటుంది. మీకు కావలసింది కుటుంబమైతే ఊరంతా కలిసి నడిపే హోమ్‌స్టేలు వెతకండి. ఇలాంటి ఊళ్ళలో ఒక కమిటీ ఉంటుంది, వచ్చిన అతిథులను వంతులవారీగా ఇళ్ళకు పంచుతుంది, వచ్చిన డబ్బులో కొంత ఊరి నిధికి వెళుతుంది. పర్యాటక శాఖ వీటికి ప్రమాణాలు పెట్టి, తనిఖీ చేసి గుర్తింపు కూడా ఇస్తుంది.

నాలుగు చోట్లు చెబుతాను, నాలుగూ వేరువేరు రకాలు.

మే కాంపోంగ్: థాయ్‌లాండ్ ఉత్తరాదిలోని చియాంగ్ మై నగరం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, కొండ మీద అడవిలో ఉన్న ఊరు. పులియబెట్టిన తేయాకును మియాంగ్ అంటారు, ఈ ఊరి పాత జీవనాధారం అదే. ఇప్పుడు కాఫీ కూడా పండిస్తారు. ఇంగ్లీషు కాస్త నడుస్తుంది కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళకు సులువు. కానీ శని, ఆదివారాల్లో చియాంగ్ మై జనమంతా అక్కడే కాఫీ తాగుతుంటారు. మంగళ, బుధవారాలు చూసుకుని వెళ్ళండి.

బాన్ ప్రసాత్: ఈసాన్‌లో, నఖోన్ రాచసీమ రాష్ట్రంలో. ఊరి మధ్యలోనే తవ్వకాల్లో బయటపడ్డ చరిత్ర పూర్వకాలపు సమాధులున్నాయి. చుట్టూ వరి పొలాలు. మన పల్లెలకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది ఈసానే అని నా అభిప్రాయం.

బాన్ నా తోన్ చాన్: సుఖోథాయ్ రాష్ట్రంలో. నేత ఊరు. బట్టను బురదలో నానబెట్టి మెత్తగా చేసే పద్ధతికి పేరు పొందింది.

కో యావ్ నోయ్: ఫుకెట్‌కు దగ్గర్లో, ఫాంగ్ న్గా అఖాతంలో ఉన్న దీవి. ఎక్కువమంది ముస్లిములు, చేపలవేట వృత్తి. ఇక్కడ ఇళ్ళలో పంది మాంసం ఉండదు, మద్యం తీసుకెళ్ళకూడదు, ఒళ్ళు కప్పే బట్టలు వేసుకోవాలి. హలాల్ తిండి కోసం చూసే హైదరాబాద్ కుటుంబాలకు ఇది చక్కటి చోటు.

ఎప్పుడు వెళ్ళాలి అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా. ఆ తర్వాత ఉత్తరాదిలో పొలాలు, అడవులు కాల్చే పొగ కమ్ముకుంటుంది, మార్చిలో చియాంగ్ మై కొండలు కనిపించవు. ఏప్రిల్ ఎండ మనకు కొత్త కాదు కానీ ఫ్యాను కింద చెక్క ఇంట్లో మధ్యాహ్నం గడపడం కష్టమే.

ఏప్రిల్‌లో వెళితే సోంగ్‌క్రాన్‌కి వెళ్ళండి. 13 నుంచి 15 వరకు వాళ్ళ కొత్త సంవత్సరం. సంక్రాంతి అన్న మాటే అక్కడ సోంగ్‌క్రాన్ అయింది. పట్నాల్లో నీళ్ళ తుపాకులతో గోల చేస్తారు, ఇళ్ళల్లో మాత్రం పెద్దవాళ్ళ చేతుల మీద పూలు వేసిన నీళ్ళు పోసి దీవెన అడుగుతారు. ఆ రెండోది చూడాలంటే ఇంట్లో ఉండాలి, హోటల్లో ఉంటే దొరకదు.

2. ఒప్పుకునే ముందు అడగవలసినవి

ధర మనిషికా, గదికా? ఊరి హోమ్‌స్టేల్లో సాధారణంగా మనిషికే చెబుతారు, రాత్రి భోజనం, పొద్దుటి టిఫిను అందులోనే ఉంటాయి. బాత్రూము ఇంట్లోనా, బయటా? పడక మంచం మీదా, నేల మీద పరుపా? బస్సు దిగిన చోటి నుంచి ఎవరైనా తీసుకెళతారా? ఇంట్లో ఎవరెవరు ఉంటారు? కుక్కలున్నాయా? థాయ్ పల్లెల్లో కుక్కలు చాలా ఉంటాయి, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఈ ప్రశ్న మరిచిపోవద్దు.

ఎలా అడగాలన్నది ఇంకా ముఖ్యం. "ఏడింటికి రావచ్చా?" అని అడిగితే కుదరకపోయినా కుదరదనరు. నవ్వుతారు, లేదా చూద్దాం అంటారు. ఆ చూద్దాం అంటే ఏమిటో పెళ్ళిసంబంధాలు చూసిన తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. అందుకని అవును, కాదు అనే ప్రశ్నలు వేయకండి. "మీకు నాలుగింటికి వీలా, ఏడింటికి వీలా?" అని రెండు దారులు చూపించండి. మొహమాటపడకుండా ఒకటి ఎంచుకుంటారు. ఈ చిట్కా ఒక్కటి పట్టుకుంటే ఉన్న నాలుగు రోజులూ పనికొస్తుంది.

మాట్లాడుకోవడం లైన్ అనే యాప్‌లో. మనకు వాట్సాప్ ఎలాగో అక్కడ లైన్ అలాగ. అనువాద యాప్ వాడేటప్పుడు పొట్టి వాక్యాలు రాయండి. "నేను చేప తినను. నేను గుడ్డు తింటాను." ఇలా. పొడుగు వాక్యం పెడితే అటు చేరేసరికి ఏదో అవుతుంది.

ఒక హెచ్చరిక. పని చేసిపెడితే బస, భోజనం ఉచితం అనే ప్రకటనలు నెట్‌లో చాలా కనిపిస్తాయి. పొలం పని, పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం వగైరా. పర్యాటకుడిగా దిగి ఇలాంటి పనికి కుదురుకోవద్దు. పని అనుమతి లేకుండా పని చేయడం అక్కడ నేరం, జీతం తీసుకోలేదు కదా అన్న మాట మిమ్మల్ని కాపాడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఇంటివాళ్ళతో కలిసి కూరలు తరగడం వేరు, పనికి కుదరడం వేరు.

3. కాగితాలు

భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం 2023 నవంబరులో 30 రోజులకు ఇచ్చారు, 2024 జూలైలో 60 రోజులు చేశారు. ఈ గడువులు మారుతుంటాయి, కాబట్టి టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైటులో చూసుకోండి, పోయినేడాది వెళ్ళొచ్చిన బావమరిది మాట మీద వెళ్ళకండి.

2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. దీనికి రుసుము లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. అందులో మీరు ఉండబోయే చిరునామా అడుగుతారు. హోటల్ అయితే బుకింగ్ కాగితం మీదే ఉంటుంది, పల్లెటూరి ఇంటికి ఉండదు. ఇంటి నంబరు, ఊరి వార్డు నంబరు, ఉపజిల్లా, జిల్లా, రాష్ట్రం ఇంటివాళ్ళను ముందే అడిగి పెట్టుకోండి. అదే చిరునామా థాయ్ అక్షరాల్లో కూడా ఫోన్‌లో ఉంచుకోండి, డ్రైవరుకు చూపించడానికి.

ఇంటికి చేరగానే వాళ్ళు మీ పాస్‌పోర్టు ఫోటో తీసుకుంటారు. కంగారు పడకండి. విదేశీయుడు ఇంట్లో దిగితే 24 గంటల్లోగా ఇమిగ్రేషన్‌కు తెలియజేయాల్సిన బాధ్యత ఇంటి యజమానిది. ఫోటో ఇవ్వండి, పాస్‌పోర్టు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

ఎవరైనా ఈ-సిగరెట్ వాడేవాళ్ళుంటే ఇంట్లోనే వదిలేసి రండి, అక్కడ నిషేధం. పోలీసులకు 191, అంబులెన్సుకు 1669, పర్యాటకుల పోలీసులకు 1155. చివరిదానిలో ఇంగ్లీషులో మాట్లాడతారు.

4. పెట్టె సర్దడం, ఏం పట్టుకెళ్ళాలి

సులువుగా విప్పుకునే చెప్పులు. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు రెండు జతలు, గుడికి వెళ్ళడానికి. లుంగీ లేదా నైటీ. దోమల మందు. 220 వోల్టులే కాబట్టి ఛార్జర్లు పనిచేస్తాయి, మన రెండు పుల్లల ప్లగ్గు చాలా చోట్ల పడుతుంది, మూడు పుల్లలది పట్టదు.

ఇక కానుక. చాక్లెట్లు అందరూ తెస్తారు. నేనైతే పోచంపల్లి తువ్వాలు లేదా చున్నీ పట్టుకెళ్ళమంటాను. కారణం ఉంది. ఈసాన్‌లో నేసే మత్‌మీ పట్టు కూడా దారాన్ని ముందే ముడులు కట్టి, రంగులో ముంచి, తర్వాత నేసేదే. మత్ అంటే కట్టడం. వాళ్ళు సాధారణంగా పేకను మాత్రమే కట్టి అద్దుతారు, పోచంపల్లిలో పడుగు, పేక రెండూ అద్దే పని కూడా ఉంది. మగ్గం ఎరిగిన ముసలావిడ చేతికి ఆ బట్ట ఇచ్చి చూడండి. తిరగేసి, దీపం దగ్గర పెట్టి, దారం దారం చూస్తుంది. మాటలు రాని ఇద్దరికి ఒక గంట సరిపడా సంభాషణ అది.

మామూలుగా కానుకను మీ ముందు విప్పరు. తీసుకుని పక్కన పెట్టేస్తారు. నచ్చలేదనుకోకండి.

తిండి వస్తువుల్లో కొంచెం ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

5. గడప దగ్గర మొదటి గంట

చెప్పులు బయట. గడప తొక్కకుండా దాటండి. ఇది మనకు నేర్పక్కర్లేదు. చేతులు జోడించడమూ మనదే, అక్కడ దాన్ని వాయ్ అంటారు. చిన్నవాళ్ళు ముందు పెట్టాలి, పెద్దవాళ్ళకు పెట్టేటప్పుడు తల కాస్త వంచి చేతులు ముక్కు దాకా తేవాలి. పిల్లలకు మీరు వాయ్ పెట్టక్కర్లేదు, నవ్వితే చాలు.

మన అలవాట్లలో రెండు మాత్రం బయటే వదిలేయాలి. ఒకటి, పెద్దల కాళ్ళకు దండం పెట్టడం. గౌరవమే కదా అని వంగితే వాళ్ళు బిత్తరపోతారు. రెండు, ముద్దొచ్చిన పిల్లల తల నిమరడం. తల పవిత్రం, పాదం నీచం అన్నది అక్కడ గట్టి పట్టింపు. కాళ్ళు చాపి కూర్చున్నప్పుడు పాదాలు బుద్ధుడి పటం వైపో, మనుషుల వైపో ఉండకూడదు. పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే వాళ్ళ ముందు నుంచి కాస్త వంగి నడవాలి. ఏది ఇచ్చినా కుడిచేత్తో, ఎడమచేయి మోచేతికి ఆనించి ఇవ్వడం మర్యాద.

పలకరింపు సవత్‌దీ. స్వస్తి అన్న సంస్కృత మాటే. దాని చివర మగవాళ్ళు ఖ్రప్, ఆడవాళ్ళు ఖా చేరుస్తారు. ఇది మన "అండి" లాంటిదనుకోండి, తేడా ఏమిటంటే ఎవరితో మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి కాదు, మాట్లాడేది మగా ఆడా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఏ మాటకైనా తగిలించండి. వ్యాకరణం తప్పినా మర్యాద తప్పదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన విషయం. అంకుల్, ఆంటీలతో సరిపెట్టుకునే భాష కాదు అది. అమ్మ తల్లి యాయ్, నాన్న తల్లి యా. అమ్మ తండ్రి తా, నాన్న తండ్రి పూ. అమ్మమ్మ, నానమ్మ వేరైనట్టే. అమ్మానాన్నల కంటే పెద్దవాళ్ళు అయితే లుంగ్, పా. అమ్మకు తమ్ముడో చెల్లెలో అయితే నా, నాన్న వైపైతే ఆ. మీ కంటే పెద్దవాళ్ళు పీ, చిన్నవాళ్ళు నోంగ్. రక్తసంబంధం లేకపోయినా ఊళ్ళో అందర్నీ ఇలాగే పిలుస్తారు, మనం బస్సులో ముసలాయన్ని తాతా అన్నట్టు. హోమ్‌స్టే ఇళ్ళలో ఇంటాయన్ని పో, ఇంటావిణ్ణి మే అంటే సరిపోతుంది. నాన్న, అమ్మ అని అర్థం.

మీ పేరు రెండక్షరాలకు కుదించి చెప్పండి. థాయ్‌వాళ్ళ అసలు పేర్లు మన వేంకట సత్యనారాయణలకు తీసిపోని పొడుగు, అందుకే ప్రతివాళ్ళకూ ఒక ముద్దుపేరు ఉంటుంది. లెక్ అంటే చిన్నది, డేంగ్ అంటే ఎరుపు, మూ అంటే పంది. మూ అని ఎవరైనా పరిచయం చేసుకుంటే నవ్వకండి, అక్కడ అది ముద్దు.

6. తిండి

అసలు కథ ఇది. ముందు ఆ ప్రశ్నకు జవాబు. "కిన్ ఖావ్ రూ యంగ్?" అనడం చాలాసార్లు మన "భోంచేశారా?" లాగా పలకరింపే. కానీ మీరు ఇంటి అతిథి, వేళ భోజనాల వేళ అయితే నిజం చెప్పండి. తినకపోతే "యంగ్" అంటే చాలు. ఇంకా లేదు అని. తింటే "కిన్ లేవ్". కడుపు నిండితే "ఇమ్ లేవ్". రుచిగా ఉంటే "అరోయ్", ఇది ఎన్నిసార్లు అన్నా ఎక్కువ కాదు.

అన్నం మధ్యలో, కూరలన్నీ అందరికీ కలిపి గిన్నెల్లో ఉంటాయి. మన పద్ధతిలో అన్ని కూరలూ ఒకేసారి కంచంలో వడ్డించుకోకూడదు. ఒక కూర ఒకటి రెండు చెంచాలు వేసుకోండి, తినండి, తర్వాత ఇంకోటి. వడ్డనకు చోన్ క్లాంగ్ అనే గరిటె వేరే ఉంటుంది, ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టకండి. ఎంగిలి పట్టింపు మనకూ ఉంది కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు. తినేది చెంచాతో, ఎడమచేతి ఫోర్కు చెంచాలోకి తోయడానికే. ఫోర్కు నోట్లో పెట్టుకోరు. పుల్లలతో తినేది నూడుల్స్ మాత్రమే, అన్నానికి పుల్లలు అడిగితే వాళ్ళకే వింత.

ఈసాన్, ఉత్తరాది ఇళ్ళలో మాత్రం మన చేతికి పని దొరుకుతుంది. అక్కడ ఖావ్ నియావ్, అంటే జిగురు బియ్యం ఆవిరికి ఉడికించిన అన్నం, క్రతిప్ అనే చిన్న వెదురుబుట్టలో పెడతారు. కుడిచేత్తో నిమ్మకాయంత తీసి, వేళ్ళతో నొక్కి ముద్ద చేసి, పచ్చడిలో అద్దుకుని తినడమే. తిన్నాక బుట్ట మూత పెట్టండి, గట్టిపడిపోతుంది.

పచ్చడి అన్నాను కదా, ఊరికే అనలేదు. నామ్ ఫ్రిక్ అన్నది అచ్చంగా మన రోటి పచ్చడి వరస. ఇంట్లో రోలు, రోకలి ఉంటాయి, పొద్దున్నే దంచే చప్పుడు వినిపిస్తుంది. ఉత్తరాది నామ్ ఫ్రిక్ నుమ్ పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉల్లి కాల్చి దంచేది. దూరం నుంచి వాసన చూస్తే మా అమ్మమ్మ వంటిల్లే. దగ్గరికెళ్ళి అడిగితే చాలాసార్లు అందులో చేప పడి ఉంటుంది.

అదే శాకాహారులకు చిక్కు. థాయ్ వంటలో చేపనీళ్ళు, నామ్ ప్లా, మనకు ఉప్పు లాంటిది. దాన్ని మాంసం కింద ఎవరూ లెక్కపెట్టరు. రొయ్యల ముద్ద పేరు కపి, కోతి కాదు. ఈసాన్‌లో ప్లా రా, పులియబెట్టిన చేప. శాకాహారానికి వాళ్ళ మాట మాంగ్‌సవిరత్, అంటే మాంసవిరతి. ఈ మాట చెప్పి ఊరుకుంటే కూరలో మాంసం ఉండదు, నామ్ ప్లా మాత్రం ఉంటుంది. జే అంటే ఇంకా గట్టి నియమం, గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నామ్ ప్లా వద్దంటే "మై సై నామ్ ప్లా", కపి వద్దంటే "మై సై కపి". ఇవన్నీ నోటితో చెబితే స్వరం తప్పుతుంది. థాయ్‌లో అయిదు స్వరాలు, క్లై అన్న మాట ఒక స్వరంలో దగ్గర, ఇంకో స్వరంలో దూరం. కాబట్టి కమిటీలో ఎవరిచేతనైనా థాయ్ అక్షరాల్లో ఒక చీటీ రాయించుకుని వంటింట్లో అంటించమనండి. ఇదీ ముందురోజే, వంట అయ్యాక కాదు. వండి పెట్టాక వద్దంటే రెండువైపులా బాధ.

నిక్కచ్చిగా చెప్పాలంటే, చేపనీళ్ళు తగిలినా పనికిరాదనుకునేవాళ్ళు మొదటిసారి మారుమూల పల్లెకు వెళ్ళవద్దు. చియాంగ్ మైలో జే హోటళ్ళు దొరుకుతాయి, పసుపు రంగు జెండా మీద ఎర్రటి అక్షరం గుర్తు. ఆ చుట్టుపక్కల ఇల్లు చూసుకోండి. గుడ్డు తినేవాళ్ళకు కొంత మేలు, ఖై జియావ్ అనే ఆమ్లెట్ ఏ ఇంట్లోనైనా అయిదు నిమిషాల్లో వేస్తారు. అందులోనూ నామ్ ప్లా చుక్క వేయడం అలవాటు, అది వద్దని చెప్పాలి.

కారం సంగతి. మేం గుంటూరు వాళ్ళమండీ అని బడాయికి పోయి, సోమ్‌తమ్ అనే పచ్చి బొప్పాయి సలాడ్‌లో మిరపకాయలు ఎన్ని వేయమంటారని అడిగితే పది అన్నవాణ్ణి నేను చూశాను. మన కారం నూనెలో, చింతపండులో తడిసి వస్తుంది. అక్కడి చిట్టి మిరపకాయ పచ్చిగా, సూటిగా తగులుతుంది. రెండుతో మొదలుపెట్టండి. పెరుగు ఉండదు, చల్లార్చుకోవడానికి జిగురన్నమే గతి.

కంచంలో అన్నం వదలకండి. బియ్యానికి మే ఫోసోప్ అనే తల్లి ఉందని వాళ్ళ నమ్మకం.

ఇప్పుడు ఆ పోపు సామాను. మూడో రోజు ఒక పూట వంట మీరు చేస్తానని అడగండి. చేయవలసింది పులిహోర. చింతపండు, పసుపు, వేరుశనగలు, ఎండుమిరపకాయలు అక్కడ ఏ సంతలోనైనా ఉంటాయి. అక్కడి మల్లెబియ్యం, అదే జాస్మిన్ రైస్, మెత్తబడుతుంది, కాబట్టి నీళ్ళు కాస్త తగ్గించి వండి, పళ్ళెంలో ఆరబెట్టండి. పోపు వేసేటప్పుడు కిటికీలు తీయండి, ఇంగువ వాసనకు ఇరుగుపొరుగు వస్తారు. పులుపు, ఉప్పు, కారం ఎరిగిన నాలుకలు కాబట్టి పులిహోర వాళ్ళకు కొరుకుడు పడుతుంది. ఉప్మా జోలికి మాత్రం పోకండి.

7. స్నానం, పడక

రోజుకు రెండుసార్లు స్నానం. సాయంత్రం స్నానం చేయకుండా భోజనానికి కూర్చుంటే మీరు అలసిపోయారనో, ఒంట్లో బాగాలేదనో అనుకుంటారు. పాత ఇళ్ళలో నీళ్ళ గాబు, చెంబు. గాబులోకి దిగవద్దు, ముంచి పోసుకోవడమే. మనకు కొత్తేం కాదు. మగవాళ్ళకు ఫా ఖావ్ మా అనే గళ్ళ తుండు ఇస్తారు, కట్టుకోవడానికీ, తుడుచుకోవడానికీ, తలపాగాకీ అదే. టాయిలెట్ దగ్గర నీళ్ళ గొట్టమో చెంబో ఉంటుంది, యూరప్ వెళ్ళినప్పటి టెన్షన్ ఇక్కడ లేదు. కాగితం వాడితే పక్కనున్న బుట్టలో వేయండి, గొట్టాలు సన్నం.

మనం ఉత్తరం వైపు తల పెట్టం. వాళ్ళు పడమర వైపు పెట్టరు, అది చావు దిక్కని. పరుపు వేసిన తీరు మార్చకుండా పడుకోండి. దిండు తలకే, దాని మీద కూర్చోవద్దు.

తాగేది సీసా నీళ్ళు. రాత్రి తొమ్మిదికి ఇల్లు నిద్రపోతుంది, చెక్క గోడల్లో గుసగుస కూడా వినిపిస్తుంది. ఇండియాకి ఫోన్ చేయాలంటే పెరట్లోకి వెళ్ళండి. అక్కడి గడియారం మన కంటే గంటన్నర ముందు, ఇంటి నుంచి అమ్మ పదిన్నరకు వీడియో కాల్ చేస్తే అక్కడ అర్ధరాత్రి.

8. రోజులు గడిచేదెలా

ఆరింటిలోపు లేవండి. సన్యాసులు వరసగా భిక్షకు వస్తారు, దీన్ని తక్ బాత్ అంటారు, బాత్ అంటే మన పాత్రే. ఇంటావిడతో పాటు మీరూ చెప్పులు విప్పి, అన్నం పాత్రలో వేయవచ్చు. ఆడవాళ్ళు సన్యాసిని తాకకూడదు, చేతికి నేరుగా ఏదీ ఇవ్వకూడదు. ఆ సమయంలో మొహం మీదకు ఫోను పెట్టి ఫోటోలు తీయకండి.

పెరట్లో స్తంభం మీద బొమ్మరిల్లులాంటి చిన్న గుడి కనిపిస్తుంది. ఆ స్థలాన్ని కాచే దేవతది. అక్కడ ఎర్రటి కూల్‌డ్రింకు సీసా స్ట్రాతో సహా పెట్టి ఉంటే ఆశ్చర్యపోకండి, నైవేద్యం అది. పిల్లలు తీసి తాగకుండా చూసుకోండి.

ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకు జాతీయ గీతం వినిపిస్తే బయట ఉన్నవాళ్ళు ఆగి నిలబడతారు, మీరూ నిలబడండి. రాజకుటుంబం గురించి జోకులు, వాదనలు వద్దు. శిక్షాస్మృతి 112వ సెక్షన్ కింద మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు ఉంది. ఇంటి గోడ మీద రాజు పటం ఉంటే బాగుందనండి, అక్కడితో ఆపండి.

మిగతా వేళల్లో వాళ్ళు ఏం చేస్తుంటే అది. సంతకు, పొలానికి, పక్కింట్లో గృహప్రవేశానికి. నాకు బాగా గుర్తున్నవి ఏ గైడులోనూ లేని ఇలాంటి తిరుగుళ్ళే.

9. ఏదైనా తేడా వస్తే

గొంతు పెంచకండి. కోపం చూపించినవాడిదే అక్కడ తప్పవుతుంది. గది నచ్చకపోయినా, అనుకున్న ధర కంటే ఎక్కువ అడిగినా ఇంటివాళ్ళతో తేల్చుకోకుండా కమిటీ మనిషితో, పక్కకు పిలిచి, నవ్వుతూ చెప్పండి. ఏదైనా పగలగొడితే "ఖో తోట్" అనండి, క్షమించండి అని. వాళ్ళు "మై పెన్ రై" అంటారు, ఫర్వాలేదు అని. మన ఫర్వాలేదులాగే దానికీ పది అర్థాలు, కాబట్టి మర్నాడు సంతలో అలాంటిదే ఇంకోటి కొని తెండి.

జ్వరం వస్తే మాత్రం మొహమాటం పూర్తిగా పక్కన పెట్టండి. డెంగీ ఉన్న దేశం. రాత్రయినా సరే లేపి చెప్పాలి.

10. వచ్చేసే రోజు

డబ్బు నగదుగా సిద్ధం చేసుకోండి, పల్లెలో కార్డు నడవదు. విదేశీ కార్డుతో ఏటీఎం వాడితే ప్రతిసారీ 200 బాట్లకు పైగా కోత పడుతుంది, పట్నంలోనే ఒకేసారి తీసుకోండి. కమిటీకి కట్టేది కమిటీకి కట్టి, ఇంటివాళ్ళకు విడిగా ఇవ్వాలనుకుంటే కవరులో పెట్టి రెండు చేతులతో, పిల్లల చదువుకనో, గుడికనో చెప్పి ఇవ్వండి. ఒట్టి నోట్లు చేతిలో పెడితే వద్దనడమూ, తీసుకోవడమూ రెండూ వాళ్ళకు కష్టమే.

ఈసాన్‌లో, ఉత్తరాదిలో అయితే బయలుదేరే ముందు అరటాకులు, పూలతో అలంకరించిన పళ్ళెం చుట్టూ కూర్చోబెట్టి, పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మీ మణికట్టుకు తెల్లటి నూలుదారం కడతారు. ఒంట్లోని ప్రాణశక్తి దారి తప్పకుండా మీతోనే ఉండాలని. వ్రతం తోరం కట్టించుకున్నట్టే కుడిచేయి చాపండి, రెండో చెయ్యి నమస్కారంలో ఉంచండి. కనీసం మూడు రోజులు ఉంచుకోవాలి, తీసేటప్పుడు ముడి విప్పాలి తప్ప కత్తిరించకూడదంటారు.

నాకు కట్టినవి పదకొండు. శంషాబాద్‌లో దిగి ఇంటికి వెళ్ళేసరికి అమ్మ తలుపు తీసి, చేతికేసి చూసి, ఏ గుడికెళ్ళావురా అంది. తర్వాత, అన్నం తిన్నావా అని అడిగింది. యంగ్ అన్నాను.